బంతి వెనక లెక్క: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

జవాబులు: విజయవాడలో బ్యాంకు మేనేజరుగా పదవీ విరమణ చేసిన ఫుట్‌బాల్ అభిమాని

ప్రశ్న: మా పేట జట్టుకూ పక్క పేట జట్టుకూ ఎప్పటినుంచో పోటీ. ఈసారి మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఒకాయన రెండు జట్లకూ జెర్సీలు, బూట్లు కొనిస్తానన్నారు. రెండింటి మీదా తన దుకాణం పేరే ఉండాలట. పైగా మా నీలం జెర్సీని మిరపపండు రంగులోకి మార్చమంటున్నారు. “వాళ్ల గుండెల మీద ఉన్న పేరు మనం తొడుక్కోవాలా? ఆ డబ్బే వద్దు” అని మావాళ్లు సగం మంది గొడవ. ఏం చేయమంటారు?
– డిగ్రీ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: డబ్బు తీసుకోండి బాబూ. పేరు దగ్గర పంతం అక్కర్లేదు. రంగు దగ్గర మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకండి.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో సెల్టిక్, రేంజర్స్ అని రెండు క్లబ్బులున్నాయి. మతం, వలస, రాజకీయం అన్నీ కలగలిసిన వైరం వాళ్లది. అక్కడ 1984లో ఒక కిటికీల కంపెనీ రెండు జట్ల జెర్సీల మీదా తన పేరే వేయించుకుంది. 1999లో ఒక కేబుల్ కంపెనీ, 2003 నుంచి 2010 దాకా ఒక బీరు కంపెనీ అదే పని చేశాయి. ఒక్క జట్టుకే డబ్బిస్తే రెండో జట్టు అభిమానులు ఆ సరుకు ముట్టరు, సగం ఊరి వ్యాపారం పోతుంది. మన కోల్‌కతాలోనూ 1998లో యు.బి. గ్రూపు అనే మద్యం కంపెనీ తన సరుకుల పేర్లను అక్కడి రెండు పెద్ద క్లబ్బులకు తగిలించింది, మోహన్ బగాన్ పేరు ముందు మెక్‌డోవెల్‌నూ, ఈస్ట్ బెంగాల్ పేరు ముందు కింగ్‌ఫిషర్‌నూ చేర్చింది. దానివల్ల ఆ రెండు జట్ల మధ్య వేడి ఏమీ తగ్గలేదు. మీ వ్యాపారికీ రెండు పేటల మంచీ కావాలి. అసలు మీ మధ్య పోటీ ఉండబట్టే ఆయన చూపు మీ మీద పడింది. మ్యాచ్ చూడటానికి జనం రాకపోతే జెర్సీ మీద పేరు చదివేదెవరు?

ఇక రంగు. వేల్స్‌లో కార్డిఫ్ సిటీ అనే క్లబ్బుది నీలం. 2012లో దాని యజమాని, మలేసియా వ్యాపారి విన్సెంట్ టాన్, ఎరుపు శుభం అని జెర్సీ మార్చేశారు. మరుసటి ఏడాదే జట్టు ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌కు ఎదిగింది. అయినా అభిమానులు ఆ ఎరుపును క్షమించలేదు. చివరికి 2015 జనవరిలో నీలం తిరిగి వచ్చింది. పేరు వచ్చే ఏడాది మారిపోతుంది, రంగు మీ నాన్నల కాలం నుంచి వస్తున్నది. ఆ తేడా ఆయనకు మర్యాదగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఒప్పందం మాత్రం కాగితం మీద రాయించుకోండి. ఎన్నేళ్లు, డబ్బు ఏ నెలలో ఇస్తారు, మధ్యలో మానుకుంటే ఏం చేయాలి అన్నీ అందులో ఉండాలి. డబ్బు ఒకరి జేబులోకి కాదు, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాలోకి రావాలి. అడిదాస్ 2014లో ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌తో పదేళ్లకు 75 కోట్ల పౌండ్ల ఒప్పందం చేసుకున్నప్పుడు, జట్టు వరసగా రెండేళ్లు యూరప్ మేటి క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌కు చేరకపోతే ఆ ఏటి సొమ్ములో 30 శాతం కోస్తామని ముందే రాసుకుంది. అంతటివాళ్లే రాసుకున్నప్పుడు మీకు మొహమాటం ఎందుకు?

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో కొన్న జెర్సీ డబ్బు ఆ క్లబ్బుకు చేరుతుందా?
– ఇంటర్ విద్యార్థిని, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: నకలు జెర్సీ అయితే ఒక్క పైసా చేరదమ్మా. అసలైనదైనా ఎక్కువ భాగం తయారీ కంపెనీకీ దుకాణానికీ పోతుంది. క్లబ్బుకు ముందే మాట్లాడుకున్న మొత్తం, దానిపైన కొద్దిగా రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, వస్తాయి.

ప్రశ్న: 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచినప్పుడు మా అబ్బాయి పసుపు జెర్సీ కోసం మారాం చేసి మరీ కొనిపించుకున్నాడు. ఇప్పుడు ఆ జట్టు హైదరాబాద్‌లోనే లేదట. గెలిచిన క్లబ్బు ఇలా ఎలా పోతుంది?
– గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: ఈ ప్రశ్న చదువుతుంటే నాకూ బాధగానే ఉందమ్మా. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్, తర్వాత పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన బంతులు తెలుగువాళ్లు మరచిపోకూడనివి.

కానీ గెలుపు ఖర్చు పెంచుతుంది. మంచి ఆటగాడు వచ్చే ఏడాది ఎక్కువ జీతం అడుగుతాడు. మన లీగులో టికెట్లు, జెర్సీల రాబడి ఆ జీతాలకు చాలదు, లోటంతా యజమాని భరించాలి. అది ఆగిపోగానే జీతాలు ఆగాయి. కొత్త ఆటగాళ్ల నమోదును ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిలిపేసింది. ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. 2023–24లో జట్టు అట్టడుగున నిలిచింది. 2024లో యజమాని మారారు, 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ పోలీసు జట్టు వెనక కనీసం ఒక ప్రభుత్వ శాఖ ఉండేది. హైదరాబాద్ ఎఫ్‌సీ వెనక ఒక్క యజమాని జేబు తప్ప ఏమీ లేదు. అభిమానులకు సభ్యత్వమూ ఓటూ ఉండి ఉంటే ఊరు దాటించేటప్పుడు వాళ్లను కనీసం అడిగేవారు. జర్మనీలో 1998 నుంచి మామూలుగా క్లబ్బుల్లో సగానికి పైగా ఓటు సభ్యులదే.

ప్రశ్న: మా పెద్దవాడు మాంచెస్టర్ యునైటెడ్, చిన్నవాడు లివర్‌పూల్. “మీది అప్పుల క్లబ్బు” అని చిన్నవాడు అన్నాడని ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. నిజంగా యునైటెడ్‌కు అప్పులా?
– ఉపాధ్యాయుడు, మంగళగిరి రోడ్డు, గుంటూరు

జవాబు: నిజమే మాస్టారూ, కానీ అది జట్టు చేసిన అప్పు కాదు. 2005లో గ్లేజర్ కుటుంబం సుమారు 79 కోట్ల పౌండ్లకు ఆ క్లబ్బును కొన్నప్పుడు, అందులో చాలా భాగం అప్పు తెచ్చి ఆ భారం క్లబ్బు మీదే పెట్టింది. ఇల్లు కొన్నవాడు తన అప్పు వాయిదాలు అద్దెకున్నవాళ్ల చేత కట్టించినట్టు. అది భరించలేక కొందరు అభిమానులు ఆ ఏడాదే ఎఫ్‌సీ యునైటెడ్ అని వేరే క్లబ్బు పెట్టుకున్నారు.

చిన్నవాడికి ఇంకో మాట చెప్పండి. 2007లో ఇద్దరు అమెరికా వ్యాపారులు లివర్‌పూల్‌నూ ఇలాగే అప్పుతో కొన్నారు. ఆ అప్పు తీర్చలేక 2010లో కోర్టు దాకా వెళ్లి, 30 కోట్ల పౌండ్లకు చేతులు మారాకే అది గట్టెక్కింది. 2021 ఏప్రిల్‌లో ఈ రెండు క్లబ్బుల యజమానులూ మరికొన్ని పెద్ద క్లబ్బులతో కలిసి సూపర్ లీగ్ పేరిట మిగతావాళ్లను బయట పెట్టాలని చూసినప్పుడు, రెండు జట్ల అభిమానులూ అడ్డుపడ్డారు. రెండు రోజుల్లోనే ఆ పథకం కూలింది.

మాంచెస్టర్ యునైటెడ్ 2012 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజీలో నమోదై ఉంది కాబట్టి దాని లెక్కలు ఎవరైనా చదవవచ్చు. అన్నదమ్ములిద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి, వడ్డీకి ఎంత పోతోందో వాళ్ల చేతే లెక్క కట్టించండి.