ఒక్క మావత్తు ఎక్కువై అద్దె మాట మారిపోయింది

ఇటాలియన్ క్రియారూపాలను ఎక్కడ విరిచి, ఎక్కడ ఊనిక ఇచ్చి పలకాలని అడిగారు. తెలుగు ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ కాబట్టి మనకిది సులువే కదా అని కూడా అన్నారు. సరిగ్గా ఆ ధీమాతోనే నేను చదువు కోసం ఇటలీలోని తూరినో నగరానికి వెళ్లి, మొదటి నెలలోనే ఇంటి యజమానురాలి ముందు అభాసుపాలయ్యాను.

సోమవారం అద్దె ఇస్తామని నా గదిమిత్రుడి తరఫున కూడా చెప్పబోయి, ద్విత్వాలు మనకు కొట్టినపిండి అన్న ఉత్సాహంలో ‘పగెరెమ్మొ లునెదీ’ అన్నాను. ఆ పెద్దావిడ కళ్లద్దాల పైనుంచి చూసి, ‘మా?’ అని ఆగారు. ‘కానీ?’ అని దాని అర్థం. ‘పగెరేమొ’ అంటే ఇస్తాం; ‘పగెరెమ్మొ’ అంటే ఇచ్చేవాళ్లమే, అంటే వెనుక ఏదో సాకు ఉండాలి. ఆవిడ ఆ సాకు కోసం ఎదురుచూస్తున్నారు. విషయం అర్థమయ్యాక పెన్నుతో బల్లమీద తట్టి చూపించారు: ప-గె-రే-మొ, ప-గె-రెమ్-మొ. రెండింటికీ నాలుగేసి తట్లే. మూడో తట్టు దగ్గర మొదటి మాటలో అచ్చు సాగింది, రెండో మాటలో పెదవులు మూసుకుని క్షణం ఆగాయి.

రాతలో మనం ‘మ్మ’ను విడదీయము, వారు నడిమికి విరుస్తారు, అయితే ద్విత్వానికి ముందున్న అక్షరాన్ని గురువుగా లెక్కించే మన ఛందస్సుకు ఆ విరుపు కొత్తదేమీ కాదు. ‘నాకు అర్థమవుతోంది’ అనే ‘కపిస్కొ’లో మాత్రం వారు కూడా మనలాగే క-పి-స్కొ అని రాస్తారు.

మనల్ని నిజంగా చెడగొట్టేది ఇంగ్లీషు కళ్లతో చదివే అలవాటు. ‘పగెరేమొ’లో జి పక్కన హెచ్ కనబడగానే ‘ఘె’ అనేస్తాం. అది మహాప్రాణం కాదు, లేకపోతే ‘జె’ అయిపోతుందని పెట్టిన కాపలా. ఇటాలియన్‌లో ‘ట’ అసలు లేదు, ఉన్నదంతా ‘త’యే, ‘పాస్తా’ను ‘పాస్టా’ చేసిన మన హోటళ్లను నేనిప్పటికీ క్షమించలేదు.

ఊనిక విషయంలో ముంచేది బహువచనం. ఫోను చేస్తాడు అనే ‘తెలేఫొన’కు ‘నొ’ చేరితే ‘తెలేఫొననొ’ అవుతుంది, ఊనిక ‘లే’ మీద నుంచి కదలదు. మనవారు ‘తెలెఫొనానొ’ అని సాగదీస్తారు. ఒకే స్పెల్లింగును ‘కాపితనొ’ అంటే జరుగుతాయి అని, ‘కపితానొ’ అంటే కెప్టెన్ అని అర్థం. కనుక ఇలాంటి క్రియలకు వర్తమాన కాలంలో ముందు ఏకవచనం పలికి, దానిని కదపకుండా ‘నొ’ తగిలించండి.

సోమవారం అద్దె ఇచ్చేటప్పుడు నేను క్రియల జోలికే పోలేదు. ఇదిగో అనే అర్థంలో ‘ఎక్కొ’ అని నోట్లు ఆవిడ చేతిలో పెట్టాను; అందులో కావత్తు మాత్రం సరిగ్గానే పడింది.