సెకండ్ హ్యాండ్ గేమ్ కార్డు కొనాలా, డిజిటల్ సేల్ కోసం ఆగాలా?

మీరు అడిగినవాటిలో ముఖ్యమైనవి రెండు. కొత్తగా హ్యాండ్‌హెల్డ్ (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్) తీసుకున్నారు కాబట్టి గేమ్‌లు పాత కార్డులుగా కొనాలా, డిజిటల్ సేల్ వచ్చేదాకా ఆగాలా అన్నది మొదటిది. ఏళ్ళు గడిచినా కొన్ని గేమ్‌ల ధర ఎందుకు దిగదు అన్నది రెండోది. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను: ఒకసారి పూర్తి చేసి పక్కన పడేసే కథ గేమ్‌లు పాత కార్డుగా కొనండి, రోజూ కాసేపు తెరిచే గేమ్‌లు డిజిటల్‌గా కొనండి. అయితే ధర కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. ఆ ప్లాస్టిక్ ముక్కలో నిజంగా గేమ్ ఉందా లేదా? ఇప్పుడు పబ్లిషర్ల తెలివంతా అక్కడే పనిచేస్తోంది.

నింటెండో కంపెనీ పాత హ్యాండ్‌హెల్డ్ గేమ్ బాయ్ అడ్వాన్స్ రోజుల నుంచి నేను కొంటూ, ఆడేసి అమ్మేస్తూ వస్తున్నాను. నేను ఎప్పుడూ కొన్న ధర ఒక్కటే చూడను, అందులోంచి అమ్మగా వచ్చింది తీసేస్తే ఎంత మిగిలిందో చూస్తాను. ఉదాహరణకి 60 డాలర్ల గేమ్ కార్డు కొని, పూర్తి చేసి, 40కి అమ్మారనుకోండి, మీకు పడింది 20. అదే గేమ్ డిజిటల్‌లో 30 శాతం తగ్గింపు చూసి సంబరపడి 42కి కొంటే ఆ 42 పోయినట్టే, మళ్ళీ పైసా రాదు. సేల్ బ్యానర్ మీద ఎర్ర అక్షరాలు చూసినప్పుడు ఈ తేడా ఎవరికీ గుర్తురాదు.

ఇందులో ఒక తమాషా ఉంది. నింటెండో తన సొంత గేమ్‌ల ధర దించదని అందరూ తిట్టుకుంటారు, నేనూ తిట్టుకున్నాను. మారియో కార్ట్ 8 డీలక్స్ 2017లో వచ్చి, ఏళ్ళ తరబడి అమెరికాలో 59.99 డాలర్ల దగ్గరే కూర్చుంది. కానీ కొత్తది దిగకపోవడం వల్లే పాత కార్డు కూడా దిగదు, అంటే మీరు అమ్మేటప్పుడు ఆ మొండితనమే మీకు కలిసొస్తుంది. మిగతా పబ్లిషర్లలో చాలామంది తీరు దీనికి పూర్తిగా వేరు. మొదటి రోజే కావాలనే వాళ్ళ దగ్గర పూర్తి ధర, ఇంకా తొందరున్న వాళ్ళ దగ్గర మూడు రోజుల ముందే ఆడనిస్తామని డీలక్స్ ఎడిషన్ పేరుతో ఇంకాస్త, కొన్ని నెలలు ఆగగలిగిన వాళ్ళకి తగ్గింపు, ఇంకా ఆగితే సగం ధర. ఎవరి ఓపిక ఎంతో దాన్నిబట్టి ధర. ఇలాంటి గేమ్ కార్డు కొంటే పూర్తి చేసిన వారంలోనే అమ్మేయాలి, డిజిటల్‌లో సగం ధర సేల్ పడిందంటే మీ పాత కార్డుని అడిగేవాడుండడు.

కొరత సృష్టించడం ఇంకో ఎత్తు. నింటెండో వాళ్ళు సూపర్ మారియో 3డీ ఆల్-స్టార్స్‌ని 2020 సెప్టెంబర్‌లో విడుదల చేసి, 2021 మార్చి 31 దాకా మాత్రమే అమ్ముతామన్నారు, అన్నట్టే ఆపేశారు. కార్డుల ముద్రణ ఆపారంటే సరే, డిజిటల్ కాపీని కూడా స్టోర్ నుంచి తీసేశారు. డౌన్‌లోడ్‌కి గోదాం నిండిపోవడం ఉండదు కదా! ఆగితే ధర దిగుతుందని అలవాటుపడ్డ వాళ్ళని తొందరపెట్టడం తప్ప దానికి ఇంకో కారణం నాకు కనిపించలేదు.

ఇక సెకండ్ హ్యాండ్ అంటే పబ్లిషర్లకి ఎందుకు మంట అంటే, పాత కాపీ ఎన్ని చేతులు మారినా వాళ్ళకి రూపాయి రాదు. దుకాణాలకి మాత్రం కొత్త గేమ్ కంటే పాతదాని మీదే మార్జిన్ ఎక్కువ, అందుకే గేమ్‌స్టాప్ లాంటివి దాని మీదే బతికాయి. పబ్లిషర్లు చెప్పని సంగతి ఏమిటంటే, పాతది అమ్మగా వచ్చిన డబ్బు చాలామంది మళ్ళీ కొత్త గేమ్ మీదే పెడతారు. నేను 60 పెట్టి కొన్న గేమ్‌లలో చాలావాటికి, తర్వాత అమ్ముకోవచ్చన్న ధైర్యం లేకపోతే ఆ 60 పెట్టేవాడినే కాదు.

చట్టంతో దీన్ని ఆపడం వాళ్ళకి కుదరలేదు. ఒకసారి అమ్మిన కాపీ మీద అమ్మినవాడికి పెత్తనం ఉండదని అమెరికా సుప్రీంకోర్టు 1908లోనే ఒక పుస్తకం కేసులో తేల్చింది. జపాన్‌లో గేమ్ కంపెనీలు పాత గేమ్‌ల అమ్మకాల మీద కోర్టుకెళ్తే 2002లో అక్కడి సుప్రీంకోర్టు కూడా అమ్ముకోవచ్చనే చెప్పింది. దాంతో అమ్మకాన్ని ఆపడం మానేసి, అమ్మే వస్తువులోంచి ఒక్కో ముక్క తీసేయడం మొదలుపెట్టారు.

2010లో ఈఏ అనే పెద్ద పబ్లిషర్ ఆన్‌లైన్ పాస్ తెచ్చింది: కొత్త పెట్టెలో ఒక కోడ్, ఒక్కసారే పనిచేస్తుంది, పాతది కొన్నవాడు ఆన్‌లైన్ ఆడాలంటే 10 డాలర్లు మళ్ళీ కట్టాలి. 2013లో జనం తిట్లు పడలేక దాన్ని ఎత్తేశారు. హ్యాండ్‌హెల్డ్‌లో అయితే 2010లోనే సోనీ వాళ్ళ పీఎస్‌పీకి వచ్చిన సోకామ్ ఫైర్‌టీమ్ బ్రావో 3కి ఇలాంటి కోడే పెట్టి పాత కాపీ వాళ్ళని 20 అడిగారు. 2011లో నింటెండో హ్యాండ్‌హెల్డ్ 3డీఎస్ మీద రెసిడెంట్ ఈవిల్ మెర్సినరీస్ 3డీ వచ్చింది, అందులో సేవ్ చెరపడానికి దారే లేదు, పాత కార్ట్రిడ్జ్ కొంటే ముందువాడు గెలిచేసిన స్థాయిలన్నీ తెరిచి ఉన్న గేమ్ మీ చేతికొస్తుంది. సెకండ్ హ్యాండ్‌ని దెబ్బతీయడానికి కాదని ఆ గేమ్ తీసిన క్యాప్‌కామ్ చెప్పుకుంది, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

పీఎస్‌పీ గో అయితే ఏకంగా డిస్క్ పెట్టే చోటే తీసేసింది. 2009లో 249.99 డాలర్లకి వచ్చింది, డిస్క్ పెట్టుకోగల మామూలు పీఎస్‌పీ 169.99కి దొరుకుతుండగానే. తక్కువ సౌకర్యానికి ఎక్కువ ధర! ఎవరూ కొనలేదు, రెండేళ్ళు తిరక్కుండానే ఆపేశారు.

ఇప్పటి రూపం నింటెండో కొత్త హ్యాండ్‌హెల్డ్ స్విచ్ 2కి వచ్చే గేమ్-కీ కార్డులు. కార్డు ఉంటుంది, పెట్టె ఉంటుంది, గేమ్ మాత్రం అందులో ఉండదు. మొదటిసారి పెట్టగానే మొత్తం ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి, ఆ తర్వాత కూడా ఆడాలంటే కార్డు పెట్టే ఉంచాలి. పెట్టె ముందువైపు కింద ఆ సంగతి రాసి ఉంటుంది, కొనేముందు అది చదవండి, పాతది ఆన్‌లైన్‌లో కొంటుంటే పెట్టె ముందు భాగం ఫోటో అడగండి. న్యాయంగా చెప్పాలంటే దీన్ని తిరిగి అమ్ముకోవచ్చు, కోడ్ చీటీ ఒక్కటే ఉండే ఖాళీ పెట్టె కంటే నయం, ఆ కోడ్ వాడేశాక పెట్టె చెత్తబుట్టకే. కానీ సర్వర్ ఉన్నంతకాలమే ఈ కీ కార్డుకి విలువ. 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లో కొనుగోళ్ళు 2023 మార్చి 27న ఆగిపోయాయి, కొన్నవి మళ్ళీ దింపుకోవడం ఇంకా నడుస్తోంది, ఎన్నాళ్ళు నడపాలన్నది మాత్రం కంపెనీ చేతిలో ఉంది. పెద్ద గేమ్ కార్డులో పట్టదు అనే మాట నేను ఒప్పుకోను, సైబర్‌పంక్ 2077ని 64 జీబీ కార్డులో పూర్తిగా ఇచ్చారు. పెద్ద కార్డుకి ఖర్చెక్కువ, ఆ ఖర్చు పెట్టాలని లేదు, అంతే.

పాతవి కొనేటప్పుడు జాగ్రత్తలు అడిగారు కాబట్టి చెప్తాను. గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లలో నకిలీలు విపరీతం, ముఖ్యంగా పోకెమాన్. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు నాకు పంపిన పోకెమాన్ ఎమరాల్డ్ లేబుల్ అద్దంలా మెరుస్తోంది, అంత పాత కార్ట్రిడ్జ్ అంత కొత్తగా ఉండటంతోనే అనుమానం వచ్చింది. లైటు కింద వాలుగా పట్టుకుని చూస్తే, అసలు లేబుల్ మీద గోరుతో నొక్కినంత సన్నగా రెండంకెల సంఖ్య అచ్చు ఉండాలి, లేదు. కింది అంచున బంగారు రంగు పిన్నుల పైన బోర్డు మీద నింటెండో అని ముద్ర ఉండాలి, అక్కడ ఖాళీ పచ్చ బోర్డు. వెంటనే వాపసు పెట్టాను. అసలైన ఎమరాల్డ్ ఆన్ చేసినప్పుడు బ్యాటరీ అయిపోయిందని వస్తే మాత్రం కంగారుపడకండి, సేవ్ పోదు, గడియారం మీద ఆధారపడ్డ సంగతులు ఆగిపోతాయంతే. అంతకుముందు తరం పోకెమాన్ గోల్డ్, సిల్వర్ అలా కాదు, వాటిలో బ్యాటరీ పోతే సేవ్ కూడా పోతుంది, ధర మాట్లాడేటప్పుడు బ్యాటరీ మార్చారా లేదా అడగాలి. పిన్నులు మురికిగా ఉంటే నోటితో ఊదకండి, తేమతో తుప్పు పడుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో తుడవండి.

స్విచ్ కార్డుల్లో నకిలీల బాధ తక్కువ, సేవ్‌లు కూడా కార్డులో ఉండవు, కన్సోల్‌లో ఉంటాయి. కానీ కొత్త టెన్షన్ ఒకటుంది. ప్రతి కార్డుకీ తనదైన గుర్తింపు ఉంటుంది. ముందువాడు దాన్ని కాపీ తీసుకుని అసలు కార్డు మీకు అమ్మేసి, కాపీతో ఆన్‌లైన్‌కి వెళ్తే, ఒకే గుర్తింపు రెండు చోట్ల కనిపించి మీ కన్సోల్‌కి ఆన్‌లైన్ కట్ అవొచ్చు. 2025లో స్విచ్ 2 కొన్న ఒకరికి పాత కార్డుల వల్ల ఇలాగే జరిగింది, ఆధారాలు చూపించాక తిరిగి తెరిచారు. కాబట్టి అమ్మినవాళ్ళతో చేసిన చాట్, కార్డు ఫోటోలు దాచుకోండి.

వాల్వ్ కంపెనీ చేసే హ్యాండ్‌హెల్డ్ పీసీ స్టీమ్ డెక్ సంగతి కూడా అడిగారు. దానికి కార్డులే లేవు కాబట్టి తిరిగి అమ్మడమన్న మాటే లేదు. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం వాల్వ్ మీద కేసు వేస్తే 2019లో పారిస్ కోర్టు డిజిటల్ గేమ్‌లు కూడా అమ్ముకోవచ్చంది, 2022లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. అయితే వాల్వ్ నడిపే స్టీమ్ స్టోర్‌లో సేల్‌లు లోతుగా ఉంటాయి, కొన్న 14 రోజుల్లో, ఆడింది రెండు గంటల లోపైతే డబ్బు వాపసు ఇస్తారు, అందుకని ఆ లోటు నాకు పెద్దగా తెలియలేదు.

మీది ఏ మోడలో రాయలేదు. పాత స్విచ్ లేదా స్విచ్ లైట్ అయితే పాత కార్డులతో ధైర్యంగా మొదలుపెట్టండి, వాటిలో ఎక్కువ భాగం గేమ్ పూర్తిగా కార్డులోనే ఉంటుంది, ఇప్పుడు చాలామంది స్విచ్ 2కి మారుతూ తమ కార్డులు అమ్మేస్తున్నారు కూడా. స్విచ్ 2 అయితే డిజిటల్, కీ కార్డు రెండింటికీ మెమరీ ఖర్చు ధరలో కలిపి చూసుకోండి, ఎందుకంటే అది మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డులు మాత్రమే తీసుకుంటుంది, మీ దగ్గరున్న మామూలు మైక్రో ఎస్‌డీలో గేమ్‌లు పెట్టుకోవడం కుదరదు.