ఫ్లూట్‌లోంచి లేచిన విమానం

తల్లీ, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మీ యూనివర్సిటీలో సంగీతం చెప్పే టీచర్లే వేదికెక్కి హిస్పానిక్ సంగీతం, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల సంగీతం, వాయించడం, నువ్వు ల్యాబ్ నుంచి బ్యాగు భుజాన వేసుకునే వెళ్లి కూర్చోవడం, ఆ రాత్రే తెలుగులో రాయాలనిపించడం... నాకు చాలా సంతోషం. పత్రికకు పంపే ముందు కొన్ని మాటలు చెప్పనీ.

మొదటి పేజీ అంతా ‘అద్భుతం’, ‘మైమరపించింది’, ‘మంత్రముగ్ధులయ్యారు’. అది ఏ కచేరీ గురించైనా కావచ్చు. మూడో పేజీకి వచ్చేసరికి నేను లేచి నిటారుగా కూర్చున్నాను. ‘ఫ్లూట్ సార్ ఊదే రంధ్రాన్ని పెదవులతో పూర్తిగా మూసేసి లోపలికి బలంగా ఊదారు. నేల మీద నుంచి విమానం లేచినట్టు ఒక ఈల పైకి, ఇంకా పైకి పోయింది. నా ముందు వరసలో ఒకాయన పైకప్పు వైపు చూశాడు’ అని రాశావు. ఇదీ కచేరీ అంటే! స్వరకర్త విల్లా-లోబోస్ 1950లో ఫ్లూట్‌కీ, చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యానికీ రాసిన ఆ రచన పేరే ‘జెట్ ఈల’. నీ వ్యాసం అక్కడ మొదలుపెట్టు. ఆ పైకప్పు వైపు చూసినాయన్ని మాత్రం వదలకు.

అయితే దాని కిందే ‘ఇలాంటి స్పానిష్ సంగీతం’ అని రాశావు. విల్లా-లోబోస్‌ది బ్రెజిల్, రియో డి జనీరో. అక్కడి భాష పోర్చుగీసు. హిస్పానిక్ అన్న మాట స్పానిష్ భాషతో ముడిపడినది. బ్రెజిల్‌ను కలుపుకోవాలంటే లాటిన్ అమెరికా అనాలి. కార్యక్రమం వేసినవాళ్లు రెండూ కలిపి పెట్టుకోవచ్చు, తప్పు లేదు. రాసే నువ్వు ఆ తేడా ఒక్క వాక్యంలో చెప్పాలి. ఉత్తరాదిన మనందర్నీ కట్టగట్టి మద్రాసీలన్నప్పుడు మనకెలా ఉండేదో గుర్తు తెచ్చుకో. ఇంకో స్వరకర్త పియాజొల్లాను కూడా స్పెయిన్ వాడని రాశావు. ఆయనది అర్జెంటీనా; మార్ దెల్ ప్లాతాలో పుట్టాడు.

ఈ హిస్పానిక్ వారసత్వ మాసం సెప్టెంబర్ మధ్యలో మొదలవడమేమిటని అడిగావు. గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడోర్, నికరాగువా, కోస్టారికా దేశాల స్వాతంత్ర్య దినం సెప్టెంబర్ 15. ఆ మర్నాడు మెక్సికోది. అమెరికాలో 1968లో వారం రోజులుగా మొదలైన వేడుకను 1988లో నెలకు పెంచారు. ఇది వ్యాసంలో రెండు వాక్యాలు చాలు.

ఇక స్పెయిన్ స్వరకర్త తురీనా రాసిన ‘బుల్‌ఫైటర్ ప్రార్థన’. దీని గురించి నువ్వు రాసిన పేరా కొట్టేసి మళ్లీ రాయాలి. ఎద్దుల పోటీ సందడి, జనం కేకలు, ఎర్రగుడ్డ అన్నావు. అవన్నీ ఆ పేరు చూసి నీ మనసులో మెదిలినవి, విన్నవి కావు. మాడ్రిడ్‌లో పోటీ జరిగే చోట వెనకవైపు ఒక చిన్న ప్రార్థన గది ఉండేదట. బరిలోకి దిగే ముందు, ప్రాణం ఉంటుందో పోతుందో తెలియని ఆ మనిషి అక్కడ మోకరిల్లేవాడు. బయట జనం హోరు, లోపల ధూపం వాసన. తురీనా చూసింది అది. 1925లో రాసిన ఈ రచన మొదట లూట్ అనే, వీణలా తీగలు మీటి వాయించే వాయిద్యాలు నాలుగింటి కోసం. తర్వాత రెండు వయొలిన్లు, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వియోలా, చెల్లో వాయించేలా మార్చాడు. ఎనిమిది తొమ్మిది నిమిషాల ముక్క. కళ్లు మూసుకుని మళ్లీ విను. హోరు ఎక్కడ తలుపు అవతల ఉండిపోతుందో, ఒంటరి గొంతు ఎక్కడ మొదలవుతుందో నీకే తెలుస్తుంది. అప్పుడు రాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా తొలి రోజుల్లో ఒక కచేరీకి సగంలో వెళ్లి, కరపత్రం పక్కన పెట్టుకుని సమీక్ష రాశాను. ఒక కీర్తనను ఆకాశానికెత్తాను. గాయని ఆ రోజు గొంతు బాగాలేక ఆ కీర్తన పాడనే లేదు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ‘మీరు వినలేదు కదా బాబూ’ అని మాత్రం అడిగింది. నలభై ఏళ్లయినా ఆ ప్రశ్న నా చెవిలోనే ఉంది.

ఒకచోట ‘తాళం తప్పినట్టు అనిపించి టెన్షన్ పడ్డాను’ అని రాసి, మళ్లీ కొట్టేశావు. ఎందుకమ్మా కొట్టేశావు? నీ చెవి సరిగ్గానే విన్నది. ఆరు దెబ్బలు వేసుకో. ఒకసారి తకిట తకిట. మరుసటిసారి అవే ఆరు దెబ్బలు తక తక తక. మూడేసి రెండుసార్లు, రెండేసి మూడుసార్లు. స్పెయిన్ సంగీతంలోనూ, సముద్రం దాటి వెళ్లిన చోట్లా ఈ ఊపు తరచూ వినిపిస్తుంది. ఒక వాయిద్యం మూళ్లలో, ఇంకొకటి రెళ్లలో ఒకేసారి నడిస్తే మన కాలి కింద నేల కదిలినట్టుంటుంది. చిన్నప్పుడు నేర్చుకున్న ఆ జతులతోనే చెప్పు, పాఠకుడు తొడ మీద తట్టి చూసుకుంటాడు. కానీ ‘ఇది మన ఫలానా రాగమే’ అన్న వాక్యాలు తీసెయ్యి. వాళ్ల సంగీతానికి వాళ్ల ఊరూ పేరూ ఉన్నాయి.

ఇంకొకటి. పియానో పక్కన కూర్చుని పేజీలు తిప్పిన విద్యార్థి గురించి నాకు ఉత్తరంలో రాశావు, వ్యాసంలో రాయలేదు. పియానో వాయించే మేడమ్ తల ఊపీ ఊపకముందే లేచేవాడనీ, చివరి పేజీ దగ్గర అతని చెయ్యి వణికిందనీ అన్నావు. కొద్దిమందే కలిసి వాయించే ఇలాంటి ఛాంబర్ సంగీతంలో ముందు నిలబడి చెయ్యి ఊపే కండక్టర్ ఉండడు; ఒకరి ఊపిరి చూసి ఒకరు అందుకోవాలి. రోజూ క్లాసులో తప్పులు దిద్దే టీచరు, ఆ సాయంత్రం తన విద్యార్థుల ముందు తానే పరీక్షకు కూర్చున్నట్టు వాయిస్తుంది. పక్కనున్న పిల్లవాడు కూడా ఆవిడతోపాటు ఊపిరి బిగపడతాడు. ఫ్యాకల్టీ కచేరీలో తప్ప ఇది ఎక్కడ దొరుకుతుంది? అతన్ని వ్యాసంలోకి తీసుకురా.

చప్పట్లు కొట్టేటప్పుడు ఆ మేడమ్ అతని వైపు చూసిందా? చూసే ఉంటావు. వచ్చే ఉత్తరంలో అది రాయి, రెండో ప్రతి కూడా జత చెయ్యి.

మీ మాస్టారు