బెంగళూరు చలికి ఎస్టీపీ బ్యాక్టీరియా చావదు, రాత్రి గాలి ఆపేస్తేనే చస్తుంది

చలికాలం వచ్చాక ఫ్లష్ నీళ్లు కంపు కొడుతున్నాయని, చలికి ఎస్టీపీలో (మన అపార్ట్‌మెంట్ మురుగునీటిని శుద్ధి చేసి ఫ్లష్‌లకీ మొక్కలకీ పంపే ప్లాంటులో) మురుగుని తినే బ్యాక్టీరియా చచ్చిపోయిందని మెయింటెనెన్స్ వాళ్లు చెప్తున్నారని, అది నిజమేనా అని అడిగారు. మేం వైట్‌ఫీల్డ్ వైపు ఉంటాం. మా అసోసియేషన్‌లో నీళ్లు, ఎస్టీపీ సంగతులు చాలాకాలం నేనే చూశాను. ఈ మాట ప్రతి జనవరిలోనూ విన్నాను. బ్యాక్టీరియా చలికి మందగిస్తుంది, అంతే. మన ఊరి చలికి చావదు.

నీటి వేడి పది డిగ్రీలు తగ్గితే బ్యాక్టీరియా పని వేగం సుమారు సగానికి పడిపోతుంది. అందులోనూ అమోనియాను తినే రకం, నైట్రోసోమోనాస్ లాంటివి, బాగా సున్నితం. నీళ్లు 10 డిగ్రీల కిందికి దిగితే కుంటుతాయి, 5 దగ్గర దాదాపు పని మానేస్తాయి. కానీ బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు మామూలుగా 15, 16 డిగ్రీలు. ఈ ఊరి రికార్డు చలి 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో! పైగా అది బయటి గాలి లెక్క. ట్యాంకులోకి వచ్చేది గీజరు స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు. బేస్‌మెంట్‌లో ఉన్న మా ట్యాంకులో థర్మామీటర్ ముంచితే ఎప్పుడూ 20 పైనే చూపించింది. ఫిన్లాండ్‌లోని హెల్సింకి వాళ్లు కొండరాయి తొలిచి లోపల పెద్ద ప్లాంటు కట్టుకుని లక్షలమంది మురుగునీరు శుద్ధి చేస్తున్నారు. అలాంటి చోట మంచు కరిగిన చన్నీళ్లు కాలువల్లో కలిసినప్పుడు చలి గురించి మాట్లాడితే అర్థముంది. స్వెట్టర్ వేసుకుంటే పోయే చలికి ఇక్కడ సాకులు చెప్పడం నాకు నచ్చదు.

అసలు సంగతి మా దగ్గర ఒక సంక్రాంతికి బయటపడింది. కరెంటు బిల్లు తగ్గించాలని కమిటీ, ట్యాంకులో బ్యాక్టీరియాకి గాలి ఊదే బ్లోయర్‌కి టైమర్ పెట్టించి, రాత్రి పదకొండు నుంచి తెల్లవారి ఐదు దాకా ఆపించింది. మీటింగ్‌లో వద్దని గట్టిగానే చెప్పాను, వినలేదు. పండక్కి సగం మంది తెలుగువాళ్లు ఊళ్లకెళ్లారు. మురుగు తగ్గేసరికి బ్యాక్టీరియాకి తిండి తగ్గింది. తర్వాత అందరూ ఒకే ఆదివారం రాత్రి దిగారు. బట్టల మూటలు, వాషింగ్ మెషీన్లు, స్నానాలు, అన్నీ ఒక్కసారే.

సోమవారం పొద్దున టవర్ అంతా కుళ్లిన గుడ్ల కంపు, దానికి తోడు కళ్లు మండించే అమోనియా. నేను కిందికి వెళ్లేసరికి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు మీద జానెడు మందాన గోధుమరంగు నురుగు. మా ఎస్టీపీ నడిపే ఆపరేటర్‌ది హిందూపురం వైపు. అప్పటికే లీటరు జాడీలో ట్యాంకు నీళ్లు పట్టి గట్టు మీద పెట్టాడు. మామూలు రోజుల్లో అరగంటకి బురద అడుగుకి దిగి పైన తేట నీళ్లు కనిపిస్తాయి. ఆ రోజు బురద సగం జాడీ దగ్గరే వేలాడుతోంది, పైనీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ చూపే డీవో మీటర్ ముంచితే లీటరుకి కనీసం 2 మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట అర కూడా చూపలేదు.

"చలి కాదు సార్, రాత్రంతా గాలి లేకుంటే అది యాడ బతుకుతుంది?" అన్నాడు.

అదే రోజు టైమర్ పీకించాను. కుళ్లు కంపు తొందరగానే పోయింది. అమోనియా వాసన మాత్రం చాలా రోజులు వేధించింది, ఎందుకంటే దాన్ని తినే రకం పెరగడమే నెమ్మది. ఈలోపు ఒక వెండర్ వచ్చి వేలకు వేలు చెప్పి కల్చర్ ప్యాకెట్లు, అంటే బ్యాక్టీరియా పొడి, అంటగట్టబోయాడు. గాలి లేని ట్యాంకులో ఏ పొడి చల్లితే ఏం లాభం?

ఇంకో మాట. చన్నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో లీటరుకి 7.5 మిల్లీగ్రాములు పడితే, 20 డిగ్రీల దగ్గర 9 దాకా పడుతుంది. అంటే ఈ మాత్రం చలి బ్లోయర్‌కి సాయమే. చలికి నీళ్లు కాస్త చిక్కబడి బురద నిదానంగా దిగే మాట నిజమే. అందుకే చలికాలంలో బురద తీసేయడం కొంచెం తగ్గించి, బ్యాక్టీరియాను ట్యాంకులోనే ఎక్కువ రోజులు ఉండనివ్వాలి. ఇది ఆపరేటర్ చేతిలో పని.

ఆ ఆపరేటర్‌కి మనం ఇచ్చే జీతం చూస్తే నాకు కడుపు మండుతుంది. క్లబ్‌హౌస్ లైట్లకి డబ్బులుంటాయి, ఆయనకి గ్లవ్స్ కొనడానికి మూడు మీటింగులు కావాలి. రక్షణ సామగ్రి లేకుండా మురుగు ట్యాంకులోకి మనిషిని దించొద్దని 2013లో చట్టమే వచ్చినా, "ఒకసారి దిగి చూడవయ్యా" అనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అని జలమండలి ప్రకటించినప్పుడు మా మొక్కల్ని, ఫ్లష్‌లని నిలబెట్టింది ఆయన శుద్ధి చేసిన నీళ్లే.

మీరు ముందు బ్లోయర్ లాగ్‌బుక్ తెరిపించి రాత్రి గంటలు చూడండి. అరగంట ఆపితే ఏమీ కాదు, గంటలకొద్దీ ఆపుతుంటే మాత్రం మాన్పించండి. నెల దాటినా కంపు పోకపోతే ట్యాంకులో బుడగలు అంతటా లేస్తున్నాయో, ఒక మూలే లేస్తున్నాయో చూడండి. ఒక మూలే అయితే ట్యాంకు అడుగున గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్లు మూసుకుపోయినట్టు, అవి మార్పించాలి.