షాండ్లియర్ తాడు కోస్తానంటే ఏ డైస్ వేయించాలి?

టేబుల్‌టాప్ ఫాంటసీ ఆటల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులివి. ఈసారి దాదాపు అన్నీ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ పోరాటాల గురించే. లెక్కలు 2014 పుస్తకాల ప్రకారం వేశాం. 2024 సవరణ వల్ల లెక్క మారిన చోట్లలో కొన్నిటి దగ్గర మాత్రమే ఆ సంగతి చెప్పాం.

ప్రశ్న: కొత్తగా డీఎం (ఆట నడిపించే డంజియన్ మాస్టర్) అయ్యాను. మావాడొకడు "పైనున్న షాండ్లియర్ తాడు కోసి గోబ్లిన్ల మీద పడేస్తా" అన్నాడు. ముందు అక్రోబాటిక్స్ (ఒడుపుగా కదిలే నైపుణ్యం) రోల్ వేయించాను. అది నెగ్గితే తాడు మీద అటాక్, ఆ తర్వాత గోబ్లిన్లకు సేవింగ్ త్రో (దెబ్బ తప్పించుకునే రోల్) అనుకున్నాను. మొదటి రోల్‌లోనే పోయింది. అప్పట్నుంచి మా టేబుల్ మీద కత్తి తప్ప ఇంకో మాట వినిపించట్లేదు. ఎక్కడ తప్పు చేశాను?
– కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: మూడు రోల్స్ పెట్టడం దగ్గర. ఒక్కో రోల్ నెగ్గే అవకాశం 65 శాతం అనుకుందాం. మూడూ వరసగా నెగ్గాలంటే అది 27 శాతానికి దిగిపోతుంది. అదే కత్తితో మామూలుగా కొడితే 65. మీవాడు కాగితం మీద లెక్క వేసి ఉండడు గానీ, విషయం మాత్రం పట్టేశాడు.

ఒక ఉపాయానికి ఒక్క రోల్ చాలు, అదీ నిజంగా సందేహం ఉన్న చోట. తాడు గోడకు కట్టి ఉంది, మనిషి దాని పక్కనే ఉన్నాడు, చేతిలో కత్తి ఉంది. తెగుతుందా లేదా అన్న సందేహం ఎక్కడిది? అతని యాక్షన్ (ఆ టర్న్‌లో చేసే ప్రధానమైన పని) ఖర్చయింది, తాడు తెగింది. తేలాల్సింది గోబ్లిన్లు తప్పుకున్నారా లేదా అన్నదే. డెక్స్టెరిటీ (చురుకుదనం) సేవ్ డీసీ 13 పెట్టండి, అంటే 20 ముఖాల డై మీద పడ్డదానికి బోనస్ కలిపితే 13 రావాలి. గోబ్లిన్‌కు +2 ఉంది కాబట్టి 10 లేదా అంతకన్నా తక్కువ పడితే దొరికిపోతుంది, అంటే సగానికి సగం.

డ్యామేజ్‌కు డీఎం గైడ్‌లో పట్టిక ఉంది: పుస్తకాల బీరువా మీద పడితే 1డీ10 (పది ముఖాల డై ఒకటి), నిప్పుల గుంటలో పడితే 2డీ10. షాండ్లియర్‌కు 2డీ10 ఇవ్వొచ్చు, సగటు 11. సేవ్ నెగ్గిన గోబ్లిన్‌కు సగం. గోబ్లిన్ ప్రాణం 7 హిట్ పాయింట్లు, కాబట్టి దొరికినవాటిలో చాలావరకు చస్తాయి. ఎక్కువైందనిపిస్తే పక్కన బర్నింగ్ హ్యాండ్స్ పెట్టి చూడండి: మొదటి స్థాయి మంత్రం, 3డీ6, సగటు 10.5. మంత్రగాడు స్లాట్ (మంత్రం వేసే వంతు) ఉన్నంతసేపు దాన్ని మళ్లీ మళ్లీ వేస్తాడు. షాండ్లియర్ గదికి ఒక్కటే.

ఇంకో మాట. ఫలితం ఏమిటో డైస్ పడకముందే చెప్పండి: "తగిలితే 2డీ10, తప్పుకుంటే సగం. మీ క్లెరిక్ కూడా దాని కిందే ఉన్నాడు, వాడూ సేవ్ వేయాలి. కోస్తావా?" వద్దనుకుంటే మనసు మార్చుకోనివ్వండి. టేబుల్ మీద గొడవల్లో చాలావాటికి కారణం, పర్యవసానం డైస్ పడ్డాక బయటపడటమే.

ఈ తంటా మీ ఒక్కరిదే అనుకోకండి. 2008 నాటి నాలుగో ఎడిషన్ డీఎం గైడ్ 42వ పేజీలో సరిగ్గా ఇలాంటి ఉదాహరణే ఉంది: రోగ్ (దొంగ తరహా పాత్ర) షాండ్లియర్ పట్టుకుని ఊగి ఓగర్‌ను (భారీ రాక్షసుణ్ణి) నిప్పుల కుంపట్లోకి తన్నాలనుకుంటుంది. పాత డీఎంలు ఇప్పటికీ "పేజీ 42" అంటే చాలు, అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: ఒకసారి కళ్లలో ఇసుక కొట్టనిచ్చాను. ఇప్పుడు మా రోగ్ జేబునిండా ఇసుకే. ప్రతి పోరాటంలోనూ మొదటి టర్న్‌కి శత్రువు గుడ్డివాడైపోతున్నాడు. ఆపేదెలా?
– విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: ఆపకండి, ధర పెంచండి. శత్రువును గుడ్డివాణ్ణి చేసే మంత్రం రెండో స్థాయిది. కాన్స్టిట్యూషన్ (ఒంటి ఓర్పు) సేవ్ ఉంటుంది, ఒక నిమిషం ఉంటుంది, ప్రతి టర్న్ చివర మళ్లీ సేవ్ వేసుకోవచ్చు. చేరెడు ఇసుక అంతకన్నా బాగా పనిచేస్తే మంత్రగాడు అలగడూ మరి!

మేం వాడే లెక్క ఇది. యాక్షన్ మొత్తం ఖర్చు, అందులో ఒక అటాక్ మాత్రమే కాదు. 5 అడుగుల లోపు ఉండాలి. శత్రువుకు డెక్స్టెరిటీ సేవ్, డీసీ 8 + ప్రొఫిషియన్సీ (శిక్షణ బోనస్) + విసిరేవాడి డెక్స్టెరిటీ. ఓడితే విసిరినవాడి తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా బ్లైండెడ్. ఆ పోరాటంలో ఒకడి కళ్లలో ఇసుక పడటం చూసిన మిగతా శత్రువులకు ఆ సేవ్ మీద అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం). హెల్మెట్ ముసుగున్న వాడి మీద, అస్థిపంజరం మీద అసలు పారదు. అన్నిటికన్నా ముఖ్యం, గోబ్లిన్ల చేతుల్లోనూ ఇసుక ఉంటుందని రోగ్ చెవిన వేయండి.

ప్రశ్న: "మెడ నరుకుతా" అంటే ఏం చెయ్యాలి?
– డల్లాస్ నుంచి

జవాబు: మామూలు అటాక్ వేయించండి. మెడ దొరికితే వదిలే యోధుడు ఎవడుంటాడు? ప్రతి వేటూ అలాంటి ప్రయత్నమే. హిట్ పాయింట్లు సున్నా అయిన రోజు మెడ తెగిందని చెప్పండి.

అతనికి కావాల్సింది నిజంగా ఒక ఫలితమైతే అది వేరే సంగతి, ఉదాహరణకు శత్రువు చేతి కత్తి పడిపోవడం. దానికి డీఎం గైడ్‌లో ఐచ్ఛిక నియమం ఉంది: మీ అటాక్ రోల్, ఎదుటివాడి అథ్లెటిక్స్ లేదా అక్రోబాటిక్స్ పోటీ పడతాయి. నెగ్గితే ఆయుధం కింద పడుతుంది, డ్యామేజ్ ఉండదు. రెండు చేతులతో పట్టుకున్న ఆయుధమైతే మీకు డిసడ్వాంటేజ్ (రెండు డైస్‌లో చిన్నది). మీకంటే పెద్ద సైజు శత్రువుకు అడ్వాంటేజ్.

దీన్ని అమలు చేసిన టేబుళ్లలో ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు: "కత్తి పడగొట్టాం, వాడి టర్న్ రాగానే తీసుకుని కొట్టాడు." నిజమే, టర్న్‌కు ఒక వస్తువును ఉచితంగా ముట్టుకోవచ్చు కదా, శత్రువుకూ అంతే. అందుకే పడగొట్టినవాడికి ఒక చెయ్యి ఖాళీగా ఉంటే అదే టర్న్‌లో తన ఉచిత అవకాశంతో కత్తి తనే తీసుకోవాలి. డాలూ కత్తీ పట్టుకున్నవాడికి ఆ వీలు లేదు. అప్పుడు శత్రువుకంటే ముందు టర్న్ ఉన్న మిత్రుడు వచ్చి ఎత్తుకోవాలి. ఇనిషియేటివ్ వరస (ఎవరి టర్న్ ఎప్పుడన్నది) చూడకుండా ఈ పని మొదలుపెడితే ఒక అటాక్ గంగలో కలిసినట్టే.

ప్రశ్న: అలా అందరూ ఆయుధాలు పడగొడుతుంటే నా బ్యాటిల్ మాస్టర్ (యుద్ధ విద్యల ఫైటర్) ఎందుకు?

జవాబు: మీవాడు కొట్టి మరీ పడగొడతాడు. మూడో లెవెల్లోనే నాలుగు డీ8 సుపీరియారిటీ డైస్ (ఆ విద్యలకు ఖర్చుపెట్టే ఎనిమిది ముఖాల డైస్), ఆ డై డ్యామేజ్‌కు కలుస్తుంది, పైగా శత్రువు స్ట్రెంత్ సేవ్ ఓడితే ఆయుధం జారిపోతుంది. మిగతావాళ్లు డ్యామేజ్ వదులుకోవాలి. డీఎం ఆ తేడా చెరిపేస్తే మాత్రం మీ ఫిర్యాదు న్యాయమే.

ప్రశ్న: మా గుంపులో ఎవరికీ ఉపాయాలే తట్టవు. ఓగర్ పక్కనే నిప్పుల గుంట పెట్టినా తొయ్యరు.
– విజయవాడ పాఠకుడు

జవాబు: తొయ్యకపోవడం తెలివైన పనే! లెక్క చూడండి. మూడో లెవెల్ ఫైటర్, స్ట్రెంత్ +3, అటాక్ +5, అథ్లెటిక్స్ +5. ఓగర్ ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అటాక్ రోల్ చేరాల్సిన అంకె) 11. గ్రేట్‌సోర్డ్‌తో కొడితే 75 శాతం తగులుతుంది, సగటు డ్యామేజ్ 10, అంటే టర్న్‌కు 7.5. తోస్తే ఇద్దరి రోల్స్ పోటీ పడతాయి, ఓగర్‌ది +4, మీరు నెగ్గేది 52.5 శాతం. గుంటలో 2డీ10 ఇస్తే సగటున చేతికొచ్చేది 5.8. 2024 సవరణలో పోటీ తీసేసి సేవింగ్ త్రో పెట్టారు. డీసీ 13 మీద ఓగర్ స్ట్రెంత్ సేవ్ ఓడేది 40 శాతమే. అప్పుడు 4.4.

కాబట్టి గుంటకు కొంచెం పదును పెట్టండి. పడ్డ ఓగర్ ప్రోన్ (నేల మీద పడి ఉన్న స్థితి) అవుతుంది. లేవడానికి సగం కదలిక పోతుంది, దగ్గరున్నవాళ్లందరి అటాక్‌లకూ అడ్వాంటేజ్. తన టర్న్ మొదలయ్యేటప్పుడు ఇంకా గుంటలోనే ఉంటే మరో 1డీ10. ఇప్పుడు 2014 లెక్కలో సగటు 8.7 అయింది, అడ్వాంటేజ్ లాభం అదనం. మంట సంగతి మాత్రం ముందే చెప్పాలి. దాచిపెట్టుకుంటే ఎవరు తోస్తారు?

గది వర్ణనలో మూడు వస్తువులు చాలు: పడేది ఒకటి, మండేది ఒకటి, జారేదో అంచో ఒకటి. చిన్న చీటీల మీద రాసి మ్యాప్ మీదే పెట్టండి. ఆటగాడి కళ్లెదుట క్యారెక్టర్ షీట్ ఒక్కటే ఉంటే అతను అందులో ఉన్నదే చదువుతాడు.

ప్రశ్న: నూనె సీసా విసిరి నిప్పంటిస్తే ఎంత డ్యామేజ్ ఇవ్వాలి?

జవాబు: ఇది ఉపాయం కాదు, నియమమే ఉంది. 20 అడుగుల దాకా విసరొచ్చు, ఇంప్రొవైజ్డ్ (చేతికందిన వస్తువుతో చేసుకున్న) ఆయుధంగా లెక్క, కాబట్టి ప్రొఫిషియన్సీ కలవదు (చాలామంది మర్చిపోయేది ఇదే). తగిలిన నిమిషం లోపు శత్రువుకు నిప్పు దెబ్బ పడితే అదనంగా 5. నేల మీద పోస్తే 5 అడుగుల గడి రెండు రౌండ్లు మండుతుంది, అందులోకి వచ్చినా అక్కడే టర్న్ ముగించినా 5. సీసా ధర ఒక వెండి నాణెం, కోబోల్డ్ అనే చిన్న రాక్షసి ప్రాణం 5 హిట్ పాయింట్లు. మొదటి లెవెల్లో మీవాళ్లు సీసాలు డజన్ల లెక్కన కొంటుంటే కారణం ఇదే.