నీలం రంగుతో మొదలుపెట్టు

మాంబళం, చెన్నై

చిట్టితల్లికి,
తాతయ్య ఆశీస్సులు. సైనైడ్ ఆమ్లాల పేర్లన్నీ ఒకేలా ఉన్నాయి, పాఠం ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉందని నిన్న ఫోన్‌లో అన్నావు. ఫార్ములాలు బోర్డు మీద రాసే ముందు పిల్లల్ని ల్యాబ్‌కి తీసుకెళ్లు.

లాసైన్ పరీక్ష, అదే కర్బన పదార్థంలో నైట్రోజన్, గంధకం లాంటివి ఉన్నాయో లేదో చూసేది, నువ్వూ చేసినదే. సోడియం ఎక్స్‌ట్రాక్ట్‌లో, అంటే పదార్థాన్ని సోడియంతో కాల్చి నీళ్లలో మరిగించి వడకట్టిన ద్రవంలో, ఫెర్రస్ సల్ఫేట్ వేసి మరగబెడితే పాచిరంగు మడ్డి పడుతుంది. చల్లారాక సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వదిలితే మడ్డి కరిగి, చిక్కటి నీలం బయటపడుతుంది. నా బీఎస్సీలో 'నైట్రోజన్ ఉంది' అని రికార్డులో రాసేశాను. ఆ నీలం ఎక్కడిదని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నీ పిల్లలకి అలా జరగనివ్వకు.

అది ప్రష్యన్ బ్లూ. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన రంగు. 1782లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త దాన్నుంచే ఒక ఆమ్లం రాబట్టాడు, అందుకే దానికి ప్రష్యిక్ ఆమ్లం అని పేరొచ్చింది. జర్మన్ భాషలో నేటికీ దాని పేరుకు అర్థం నీలి ఆమ్లమే. నిజానికి దానికి రంగే లేదు. 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అంటే మా చెన్నై ఎండకి వాయువైపోయే ఘోరమైన విషం.

ఆమ్లమంటే ఆక్సిజన్ ఉండి తీరాలని లావోయిజర్ నమ్మిన కాలమది. ఇందులో అది కనబడలేదని 1787లోనే బెర్తొలే అన్నాడు. 1815లో గే-లుసాక్ తేల్చేశాడు: హైడ్రోజన్, కార్బన్, నైట్రోజన్, అంతే. సయనోజన్ అనే పేరు పెట్టిందీ ఆయనే. గ్రీకులో 'కియానోస్' అంటే ముదురు నీలం. ప్రష్యిక్ ఆమ్లానికే మరో పేరైన హైడ్రోసయానిక్‌లో ఆ 'హైడ్రో' ఎందుకో ఇక్కడ చెప్పు, పిల్లలు మరిచిపోరు. ఆక్సిజన్ చేరితే అది సయానిక్, దాని బదులు గంధకం ఉంటే థయోసయానిక్. ఎక్స్‌ట్రాక్ట్‌లో గంధకం కూడా ఉన్నప్పుడు నీలానికి బదులు వచ్చే నెత్తుటి ఎరుపు దీని వల్లే.

ఫల్మినిక్ ఆమ్లం దగ్గర కాస్త ఆగు. లాటిన్‌లో 'ఫుల్మెన్' అంటే పిడుగు. లీబిగ్ చేతిలోని దాని లవణం సిల్వర్ ఫల్మినేట్ పేలేది, వోలర్ చేసిన సయానిక్ ఆమ్ల లవణం సిల్వర్ సయనేట్ అలా పేలేది కాదు. విశ్లేషిస్తే రెండింట్లోనూ అవే మూలకాలు, అవే పాళ్లు! ఇద్దరిలో ఒకరు తప్పు చేశారనుకున్నారు, ఎవరూ చేయలేదు. పరమాణువుల అమరికే వేరు. ఇలా పాళ్లు ఒకటే అయినా అమరిక వేరైన పదార్థాలకు ఐసోమర్ అనే మాట బెర్జీలియస్ నోట రావడానికి ఇదొక దారి వేసింది.

ఇంకొక్కటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ముందు ఫెర్రస్ సల్ఫేట్, బాగా మరిగి సైనైడ్ ఇనుముతో కట్టుబడ్డాకే ఆమ్లం. ఆ వరస తప్పితే వచ్చేది షీలే ఆమ్లమే. టెస్ట్ ట్యూబ్ ముట్టుకోకముందే ఒక్కొక్కరి చేతా ఆ వరస చెప్పించు.

మీ తాతయ్య