శిష్యరికాన్ని ఎక్కడినుంచి చదవాలి?

ప్రశ్న: మత సముదాయాలు తమలో చేరినవారిని ఎలా తీర్చిదిద్దుతాయి, వారికి ఎవరు దారి చూపుతారు అన్న విషయంపై పరిశోధన చేయదలచాను. ఆయా మతాల సిద్ధాంతాలను క్షుణ్ణంగా చదివితే సరిపోతుందా?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: సరిపోదు. సిద్ధాంతం చదివితే ఆ సముదాయం ఎటువంటి మనిషిని కోరుకుంటున్నదో తెలుస్తుంది కాని, అటువంటి మనిషి తయారయ్యేది పెద్దల పక్కన గడిపే రోజుల్లో, వారితో కలిసి చేసే చిన్న చిన్న పనుల్లో. అందువల్ల ముందుగా నియమావళులను చదవమంటాను.

బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం ప్రకారం కొత్తగా ఉపసంపద (పూర్తి భిక్షుదీక్ష) పొందిన భిక్షువు కనీసం 5 ఏళ్లు గురువు ఆశ్రయంలో ఉండాలి. ఉపాధ్యాయునికి భిక్షువుగా 10 ఏళ్లైనా నిండి ఉండాలి. తెల్లవారగానే లేచి గురువుకు పందుంపుల్ల, నీళ్లు అందించి ఆసనం వేయడం శిష్యుని విధి. ఇక్కడితో ఆగితే ఇది సేవ చేయించుకోవడంగానే కనిపిస్తుంది కాని, మరికొంత చదివితే, శిష్యుడు జబ్బుపడినప్పుడు పందుంపుల్లతో సహా అవే పనులు గురువు చేయాలని ఉంటుంది. ఎన్నిసార్లు చదివినా నన్ను కదిలించే భాగం ఇది.

క్రైస్తవ మఠాలకు 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే మఠాధిపతి రాసిన నియమావళి, చేరవచ్చినవారికి ఏడాదిలో మూడుసార్లు నియమాలన్నీ చదివి వినిపించాలంటుంది. పాటించలేననుకుంటే స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు.

అన్ని పద్ధతులూ ఇలా ముందుగా ఆలోచించి పెట్టుకున్నవి కావు. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు క్రైస్తవ ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ అనుచరులు తమ మందిరం అప్పు తీర్చడానికి మనిషికి వారానికి ఒక పెన్నీ చొప్పున వసూలు చేయాలనుకుని, సుమారు పన్నెండేసి మందికి ఒక పెద్దను నియమించుకున్నారు. ఆ పెద్దలు ఇల్లిల్లూ తిరుగుతూ ఎవరి నడవడి ఎలా ఉన్నదో కూడా గమనించి చెప్పడంతో, వసూళ్ల ఏర్పాటు కాస్తా సభ్యుల మంచిచెడ్డలు కనిపెట్టుకుని ఉండే ఏర్పాటుగా మారింది.

ఆ తరువాత మీరు స్వయంగా వెళ్లి చూడండి. కొత్తవారు పొరపాటు చేసినప్పుడు ఎవరు, ఏ మాటలతో సరిదిద్దుతున్నారో రాసుకోండి. మధ్యలో విడిచి వెళ్లినవారితో తప్పక మాట్లాడండి. దారి చూపడం ఎక్కడ అదుపు చేయడంగా మారిందో వారికి అనుభవం మీద తెలిసి ఉంటుంది. మీరు పరిశోధకురాలినని మొదటి రోజే చెప్పండి. గురువు సరేనన్నాక ఆయన ఎదుట శిష్యుడు కాదనలేడు గనుక, శిష్యుని సమ్మతిని విడిగా అడిగి తీసుకోండి.